అలంపురానికి నాలుగు హద్దులు

నేను డాక్యుమెంట్ రైటర్‌ని. వనపర్తిలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురు వరుసలో రేకుల షెడ్డు, అందులో ఒక టేబులు, ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి బెంచీ. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అమ్మకం, దానం, భాగపంపకం, తనఖా, ఏ కాగితమైనా చివర్లో షెడ్యూలు ఉంటుంది, షెడ్యూల్లో హద్దులు ఉంటాయి. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన ఏముంది, దక్షిణాన ఏముంది. జనం సర్వే నంబరు మర్చిపోతారు, గుంటల లెక్క తప్పు చెబుతారు. పక్క పొలం ఎవరిదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గట్టు పంచాయితీ నడుస్తుంటే ఇంకా వివరంగా చెబుతారు.

అలంపురం గురించి రాద్దామని కూర్చుని నా పని గురించి మొదలుపెట్టాను. ఆ రోజు నడకంతా ఈ కళ్లతోనే చూశాను మరి, ఏం చేయను.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ. డిసెంబర్‌లో ఒక రోజు రాత్రి అన్నం తింటుండగా చెప్పింది: "నాయినా, ఆదివారం అలంపురంల హెరిటేజ్ వాక్ ఉంది. ఇద్దరికి పైసలు కట్టిన." అలంపురం నాకు కొత్తేం కాదు. పెళ్లైన కొత్తలో పోయాం, దాని పుట్టువెంట్రుకలప్పుడు పోయాం, కార్తీకమాసంలో రెండు మూడుసార్లు పోయాం. పోయిన ప్రతిసారీ కొబ్బరికాయ, దర్శనం, పులిహోర, తిరుగు బస్సు. నేను రానంటే తీర్మానం అయిపోయేదే. కానీ కట్టిన పైసలు తిరిగి రావట. ఆ ఒక్క మాటతో నేను దొరికిపోయాను.

తెల్లారకముందే పెబ్బేరు పోయి అక్కడ కర్నూలు బస్సు ఎక్కాం. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది బ్రిడ్జి రాగానే బస్సులో సగం మంది దండం పెట్టారు, ఒకరిద్దరు కిటికీలోంచి రూపాయి బిళ్లలు విసిరారు. మా అవ్వ (మా నాయిన తల్లి) ఈ బ్రిడ్జి మీద దండం పెట్టేది గానీ బిళ్ల వేసేది కాదు. చిన్నప్పుడు అడిగితే, "ఇల్లే ఇచ్చిన బిడ్డా దీనికి, ఇంక పైసలు గూడ ఎందుకు" అనేది.

అవ్వ ఊరు కొల్లాపూర్ తాలూకాలో, కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్ కింద మన పాలమూరు వైపూ అటు కర్నూలు వైపూ కలిపి వందకు పైగా ఊళ్లు మునిగాయి. మావాళ్లు ఊరు విడిచింది 1981లో. నేను అప్పటికి పుట్టలేదు.

అలంపూర్ చౌరస్తాలో దిగి, ఆటోలో ఊళ్లోకి పోయేసరికి మిగతావాళ్లు అప్పటికే వచ్చారు. మొత్తం ఇరవై మంది ఉంటాం. కర్నూలు నుంచి ఒక డాక్టరు కుటుంబం, గద్వాల కాలేజీ పిల్లలు, హైదరాబాద్ నుంచి పెద్ద కెమెరాలతో ముగ్గురు. నడిపించేది రిటైరైన తెలుగు పండితుడు. తలకు మఫ్లర్, చేతిలో బ్యాటరీ లైటు. పొద్దున ఏడింటికి లైటెందుకా అనుకున్నాను. సారు మొదటి మాటే నాకు నచ్చింది. "మీరు నిలబడ్డ ఈ ఊరి పేరు శాసనాల్లో హతంపురం అనుంది, హలంపురం అనుంది. మీ ఆధార్ కార్డుల్లో అలంపూర్ అనుంది. దేవుడు ఏ పేరుకు పలుకుతాడో నాకైతే తెలియదు."

పేర్ల సంగతి వస్తే నాకు నవ్వు ఆగదు. మాది పాలమూరు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. 2016 అక్టోబర్ 11 దాకా నేను రాసిన ప్రతి దస్తావేజులో 'మహబూబ్‌నగర్ జిల్లా' అని కొట్టాను, తర్వాత 'వనపర్తి జిల్లా' అని కొడుతున్నాను. అలంపురం 'జోగులాంబ గద్వాల జిల్లా'లోకి పోయింది. పొలం అంగుళం కదల్లేదు. పాత లింక్ డాక్యుమెంట్లు ఉర్దూలో ఉంటాయి, చదివి చెప్పడానికి ఒక ముసలాయన్ని బతిమాలుకోవాలి. మూడు తరాల కాగితాలు వరుసగా పెడితే ఒకే చెలకకు మూడు రాష్ట్రాలు: హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ.

నవబ్రహ్మ ఆలయాలు అంటారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిది పేర్ల చివరా బ్రహ్మ ఉన్నాడు, గుడి మాత్రం శివుడిది. గుళ్లు చాళుక్యులవి, బాదామి వాళ్లవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల పని. పేరు ఒకరిది, పట్టా ఇంకొకరిది అన్నమాట. నేను ఈ మాట పైకే అన్నాను. సారు నవ్వలేదు. మా అమ్మాయి నా చెయ్యి గిచ్చింది.

కంచె దాటి లోపలికి పోగానే అందరూ శిఖరాలకేసి తలెత్తి చూస్తారు. మన దగ్గర గుడి గోపురం అంటే మెట్లు మెట్లుగా బొమ్మలతో పైకి పోతుంది కదా. ఇవి అలా ఉండవు. వంకీ తిరిగి, మొక్కజొన్న కంకిని నిలబెట్టినట్టు, పైన ఉసిరికాయలాంటి గుండ్రటి రాయి. దాన్ని ఆమలకం అనే అంటారు. ఒడిశాలో కనిపించే తీరు ఇది, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో కనిపిస్తుంది. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటే ఆ వరుసలో చేరదు, దాని పైకప్పు దక్షిణాది పద్ధతి. హైదరాబాద్ కెమెరాలు ఇక్కడే అరగంట తిన్నాయి.

నేను స్వర్గబ్రహ్మ దగ్గర ఆగిపోయాను. తొమ్మిదింటిలో ఎక్కువ చెక్కడం ఉన్నది ఇదే అనిపించింది. ఎగిరే గంధర్వుల జంటలు, చిల్లుల రాతి కిటికీలు. కిటికీలోంచి పొద్దుటి ఎండ లోపల నేల మీద పడి చాప పరిచినట్టుంది. కానీ నేను ఆగింది శాసనం దగ్గర. బ్యాటరీ లైటు ఎందుకో అప్పుడు అర్థమైంది. సారు లైటును రాతికి ఎదురుగా పట్టలేదు. పక్క నుంచి, రాతికి ఆనించినట్టు పట్టాడు. అప్పటిదాకా గీతలూ గుంటలూ తప్ప ఏమీ లేని రాతి మీద అక్షరాల నీడలు లేచాయి. లైటు తీస్తే మళ్లీ బండ. మళ్లీ పట్టాడు, మళ్లీ లేచాయి. గద్వాల పిల్లలు ముగ్గురు ఫోన్ల లైట్లతో అదే పనిలో పడ్డారు.

వినయాదిత్యుడనే చాళుక్య రాజు కాలంలో, అంటే 681 నుంచి 696 మధ్య, లోకాదిత్య ఎళ అరస అనే ఆయన రాణి గౌరవార్థం ఈ గుడి కట్టించాడట. పేరు కన్నడంలా ఉందేంటని మా అమ్మాయి అడిగింది. "అప్పటికి తెలుగు లిపీ కన్నడ లిపీ విడిపోలేదమ్మా, ఉమ్మడి కుటుంబం" అన్నాడు సారు. భాగపంపకాలు తర్వాత జరిగాయి అని నేను లోలోపల అనుకున్నాను. ఈసారి పైకి అనలేదు.

అక్కడి నుంచి సారు దానశాసనాల వివరం మొదలుపెట్టాడు, నాకు ఒళ్లు మరిచిపోయినట్టయింది. ముందు తేదీ: శక సంవత్సరం, మాసం, తిథి, వారం. తర్వాత ఏలే రాజు బిరుదులతో సహా. ఆ తర్వాత ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు. ఆ తర్వాత ఎంత భూమి, ఏ గడతో కొలిచింది. తర్వాత హద్దులు: తూర్పున చింతచెట్టు, ఆగ్నేయాన పుట్ట, దక్షిణాన వాగు, నైరుతిలో నాటిన రాయి. నేను నాలుగు రాస్తాను, వాళ్లు ఎనిమిది దిక్కులూ రాసేవాళ్లు. చివర్లో 'ఆచంద్రార్కం'. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుంది. చదువురానివాడికి కూడా తెలియాలని రాతి పైభాగంలో సూర్యుణ్నీ చంద్రుణ్నీ చెక్కేవాళ్లు. మా గురువుగారు, అంటే నాకు దస్తావేజు రాయడం నేర్పినాయన, చేత్తో రాసే రోజుల్లో 'పుత్రపౌత్ర పారంపర్యంగా ఆచంద్రార్కంగా అనుభవించగలరు' అని రాసేవాడు. నేను అది ఆయన సొంత కవిత్వం అనుకునేవాణ్ని.

అన్నిటికన్నా చివర శాపం. ఇది మా దస్తావేజుల్లో లేదు, ఉండాల్సింది. తానిచ్చిందైనా, ఇతరులిచ్చిందైనా భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడు. శ్లోకం సారు రాగంగా చదివాడు: "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః." కర్నూలు డాక్టరు గారి చిన్నబ్బాయికి అర్థం చెప్పగానే వాడు గుడి చుట్టూ "పురుగు! పురుగు!" అని పరుగెత్తాడు. నాకు మాత్రం డబుల్ రిజిస్ట్రేషన్ చేసి ఊరు మారిన ఒకాయన గుర్తొచ్చాడు. ఎక్కడున్నాడో గానీ, అరవై వేల ఏళ్లు తక్కువే.

శాసనాల నకలు ఎలా తీస్తారో కూడా చెప్పాడు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో నెమ్మదిగా కొట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక పైన సిరా అద్దుతారు. గుంటలో ఉన్నచోట సిరా అంటదు, అక్షరం తెల్లగా మిగులుతుంది. మా ఆఫీసులో సర్టిఫైడ్ నకలు కావాలంటే ఫీజు కట్టి, కంప్యూటర్ పనిచేసేదాకా కూర్చోవాలి. దీనికి నీళ్లు, బ్రష్షు, ఓపిక చాలు.

సారు గడియారం రామకృష్ణ శర్మ గారి పేరు చాలాసార్లు తీశాడు. ఈ ఊరి శాసనాల కోసం, చరిత్ర కోసం జీవితమంతా తిరిగిన మనిషి. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఈ చిన్న ఊళ్లో జరిగాయంటే ఆయన పూనికే. పేరు చెప్పినప్పుడల్లా సారు మఫ్లర్ సర్దుకున్నాడు. అది గౌరవమో చలో తెలియలేదు.

ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఊదు వాసన, ఆకుపచ్చ చాదర్. తల తెగినా మొండెం యుద్ధం చేసిందని కథ. గుళ్ల మీదికి దాడి వచ్చిన కాలం కథే ఇది, ఎవరు ఎటువైపు అనేదాన్ని బట్టి చెప్పేతీరు మారుతుంది. దర్గా ముందు చక్కెర ఫాతేహా ఇప్పించుకుంటున్న ఆడామె నుదుటి మీద అమ్మవారి గుడి కుంకుమ ఇంకా ఆరలేదు. సారు ఇక్కడ ఏమీ వివరించలేదు, అందరికీ చక్కెర పంచాడు.

జోగులాంబ అమ్మవారి గుడి మాత్రం కొత్తది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఐదోది, 'అలంపురే జోగులాంబా' అని శ్లోకంలో ఉన్నదే. పాత గుడి పద్నాలుగో శతాబ్దం చివర్లో బహమనీల దాడిలో పోయింది. విగ్రహాన్ని దాచి బాలబ్రహ్మ గుళ్లో పెట్టారు. అమ్మవారు అక్కడే ఉండిపోయింది, 2005లో మళ్లీ గుడి కట్టేదాకా. అంటే ఆరు వందల ఏళ్లు పక్కింట్లో. చట్టం ప్రకారం పన్నెండేళ్లు అభ్యంతరం లేకుండా అనుభవంలో ఉంటే హక్కు అడగొచ్చు. అమ్మవారు అడగలేదు, బాలబ్రహ్మేశ్వరుడు ఖాళీ చేయమనలేదు. ఈ మాట మా అమ్మాయికి చెవిలో చెప్పాను, ఈసారి నవ్వింది. జుట్టులో తేలు, బల్లి, కప్ప ఉన్న ఉగ్రరూపం ఆమెది. చల్లబరచడానికి గుడి చుట్టూ నీళ్లు కట్టారు. నీళ్ల మీద గుడి నీడ కదులుతుంటే పిల్లలు అందులో ముఖాలు చూసుకుంటున్నారు.

మ్యూజియం తొందరగా చూశాం. అప్పటికే ఆకలి.

ఇడ్లీ తిన్నాక నది చూద్దామని పోయాం. పాత అలంపురం అంటే నది ఒడ్డు ఊరు, తుంగభద్ర ఇక్కడ ఉత్తరానికి తిరిగి పారుతుంది, అందుకే దక్షిణకాశి అన్నారు. కానీ గుళ్లలో నిలబడి చూస్తే నది కనిపించదు. గోడ కనిపిస్తుంది. పెద్ద గోడ. శ్రీశైలం వెనక జలాలు ఊళ్లోకి, గుళ్లలోకి రాకుండా కట్టింది. మెట్లెక్కి పైకి పోతేనే అవతల నీళ్లు. ఇన్నిసార్లు వచ్చాను, అది ఏదో కోటగోడ అనుకున్నాను. "ఈ గోడ లేకపోతే ఈ తొమ్మిది గుళ్లు కూడా నంబర్లు వేయించుకుని లారీ ఎక్కేవి" అన్నాడు సారు. గోడ ఉన్నా 2009 అక్టోబర్‌లో కర్నూలును ముంచిన వరద ఈ ఊరినీ వదల్లేదు.

నంబర్లేంటని ఎవరో అడిగారు. "దానికోసమే ఒక గుడి చివరికి దాచాను" అన్నాడు.

మధ్యలో పాపనాశి గుళ్లకు పోయాం. అవి ఇరవైకి పైగా చిన్న చిన్న గుళ్లు, అవి కూడా ముంపు నుంచి తప్పించి ఊరికి దూరంగా తెచ్చి కట్టినవే. నా చెప్పు తెగింది అక్కడే. మిగతా నడకంతా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి మా అమ్మాయి బ్యాగులో దొరికిన ప్లాస్టిక్ కవరుతో. హైదరాబాద్ కెమెరా ఒకటి నా కాలిని కూడా ఫోటో తీసింది, వారసత్వ సంపదే అనుకుందేమో.

చివరి గుడి సంగమేశ్వరాలయం. ఊళ్లోకి వచ్చే దారిలోనే ఉంది, పొద్దున ఆటోలో దాని ముందు నుంచే పోయాం. ఎత్తైన పీఠం, చుట్టూ ప్రాకారం, దాని పొడవునా చెక్కిన పూర్ణకుంభాలు, బొమ్మలు. ఇదీ చాళుక్యులదే. కానీ ఇది ఈ ఊరిది కాదు. కూడవెల్లిది. కృష్ణా తుంగభద్రా కలిసేచోట కట్టిన గుడి. ముంపు వస్తుందని తేలాక పురావస్తు శాఖవాళ్లు దాన్ని విప్పారు. విప్పడమంటే సారు వేళ్లతో చూపించాడు. ముందు గుడి మొత్తం కొలిచి బొమ్మ గీస్తారు. ప్రతి రాయికీ రంగుతో నంబరు వేస్తారు, ఏ వరుస, ఏ వైపు, ఎన్నోది. శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి ఒక్కో రాయీ దించుతారు. ఇక్కడికి తెచ్చి పునాది నుంచి మొదలుపెట్టి నంబరు ప్రకారం పైకి పేరుస్తారు. సోమశిల గుడి, జటప్రోలు గుళ్లు కూడా అలా ఎత్తుకు చేరినవే.

మా అమ్మాయి రాళ్ల మీద నంబర్ల కోసం వెతికింది. ఒకచోట తెల్లటి మరక చూపించి "ఏడు!" అంది. నేను దగ్గరికి పోయి చూశాను. పావురం రెట్ట. ఇద్దరం ఇంకో పావుగంట వెతికాం, దొరకలేదు.

గుడి బాగుంది. నిజం చెప్పాలంటే అలంపురం మొత్తంలో నాకు నచ్చిన పని ఈ ప్రాకారం గోడే. కానీ అరుగు మీద కూర్చుంటే ఏదో కుదరలేదు. పేరు సంగమేశ్వరుడు. ఎదురుగా రోడ్డు, అటు కరెంటు స్తంభాలు, ఇటు పిచ్చి కంప. రెండు నదుల్లో ఒక్కటి కూడా లేదు. ఇల్లు మొత్తం ఉంది, తలుపులూ కిటికీలూ ఒక్కటీ పోలేదు, హద్దులు పోయాయి. నా బెంచీ మీదికి ఎవరైనా ఇలాంటి ఆస్తి కాగితం తెస్తే ఏం రాయాలి? తూర్పు: కృష్ణా నది అని ఉన్న లింక్ డాక్యుమెంట్ పెట్టుకుని, తూర్పు: సీసీ రోడ్డు అని రాస్తే సబ్ రిజిస్ట్రార్ ఒప్పుకుంటాడా?

సారుకు ఈ మాట చెప్పాను. ఈసారి ఆయన నవ్వాడు. "మీది ఏ ఊరు?" అని అడిగాడు. వనపర్తి అన్నాను. "అసలు ఊరు?" అన్నాడు. ఆ రెండో ప్రశ్న ముంపు ఊళ్లవాళ్లే అడుగుతారు. ఆయనదీ ముంపు ఊరే. ఇంకేం మాట్లాడుకోలేదు, ఆటో వచ్చింది.

ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం తిని, వెనక దొడ్డిలోకి పోయాను. అక్కడ మా అవ్వ ఇంటి దర్వాజ ఉంది. ఊరు విడిచేటప్పుడు జనం కట్టెసామాను విప్పుకుని తెచ్చుకున్నారు. దూలాలు, వాసాలు, తలుపులు. మట్టిగోడలు తేలేరు కదా. మావాళ్లు రెండు దూలాలూ ఈ దర్వాజా తెచ్చారు. దూలాలు ఎప్పుడో పుచ్చిపోయాయి. దర్వాజ టేకుది, పై కమ్మీ మధ్యలో పద్మం, అటూ ఇటూ చిలుకలు. ఎడమ చిలుకకు ముక్కు లేదు, బండి మీదినుంచి దించేటప్పుడు పోయిందట. అవ్వ ఉన్నన్నాళ్లు గడపకు పసుపు రాసేది. పసుపు మీద పసుపు పడి గడప అంచు మైనంలా నున్నగా అయింది, వేలితో గీకితే గోరులోకి వస్తుంది. అవ్వ ఇంటికి ఇది తూర్పు ద్వారం. ఇప్పుడు బాత్రూం వైపు తెరుచుకుంటుంది, ఉత్తరానికి.

దాని పక్కన పేర్చిన వడ్ల బస్తాలు జరిపి, ఫోను లైటు వేసి, కమ్మీ వెనక వైపు చూశాను. ఎదురుగా పట్టలేదు, పక్కనుంచి పట్టాను. తారుతో వేసిన గుర్తు ఉంది. మా ఇంటిపేరు మొదటి అక్షరం, దాని కింద '3'. ఒకే లారీలో నాలుగైదు ఇళ్ల సామాను ఎక్కిస్తుంటే కలిసిపోకుండా మా నాయిన వేశాడట, ఎప్పుడో చెప్పాడు, నేను వినీ విననట్టు ఊరుకున్నాను. ఒకటి, రెండు దూలాలు. మూడోది దర్వాజ.

మా అమ్మాయి వచ్చి ఫోటో తీసుకుంది. "మనది గూడ ట్రాన్స్‌ప్లాంటెడే నాయినా" అంది.

అవ్వ ట్రంకు పెట్టెలో పరిహారం కాగితం ఇంకా ఉంది. మట్టి మిద్దె ఒకటి, పశువుల కొట్టం ఒకటి, చింతచెట్లు రెండు, వేపచెట్టు ఒకటి, ఒక్కోదానికి ఎదురుగా ఇంత అని రేటు. జీవో 98 వచ్చాక ముంపు కుటుంబానికో ఉద్యోగం అన్నారు. మా నాయిన ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే అరవై దాటాడు, పోయిన ఏడాది వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ ఆ కాగితం చూసినప్పుడల్లా రేట్లే చూసేవాణ్ని. ఆ రాత్రి మొదటిసారి గమనించాను, అందులో వరుస నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, హద్దులు లేవు. నీళ్లకింద పోయేదానికి హద్దులెందుకు అనుకున్నారేమో.

తెల్లకాగితం తీసుకుని షెడ్యూలు రాయడం మొదలుపెట్టాను. తూర్పు: బజారు, బజారు అవతల బొడ్రాయి. ఇది అవ్వ చెప్పగా విన్నదే. పొద్దున తలుపు తీస్తే బొడ్రాయి కనిపించేదని వందసార్లు చెప్పింది. పడమర: వడ్ల ఆయన (వడ్రంగి) ఇల్లు, ఆ బాడిసె చప్పుడుకే తెల్లారేదట. ఉత్తరం: కుమ్మరోళ్ల ఆవం. దక్షిణం దగ్గర పెన్ను ఆగిపోయింది. అవ్వ లేదు, నాయిన లేడు. పది గంటలైనా పెబ్బేరులో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. ఊరు విడిచేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు.

"అత్తా, మన పాతూరి ఇంటికి దక్షిణం దిక్కు ఎవరి ఇల్లుండె?"

కాసేపు ఏం మాట్లాడలేదు. టీవీ సౌండ్ తగ్గించినట్టుంది.

"ఆ దిక్కు ఇల్లెక్కడిదిరా. దొడ్డి. దొడ్డెనక ఏరే."

దక్షిణం: కృష్ణా నది, అని రాశాను.

"ఎందుకురా," అంది అత్త, "ఎవరన్న కొంటమన్నరా?"